నెలలు నిండకుండా పుట్టిన బుడ్డోడికి నీ పాలే ఎందుకంటే

బంగారూ,

"పది చుక్కలే వచ్చాయి పెద్దమ్మా, వీటితో వాడికేం సరిపోతుంది" అని ఫోన్‌లో ఒకటే ఏడుపు. పసిపిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, నా మాట విను. 31 వారాలకి 1,300 గ్రాములతో పుట్టినవాడికి మొదట్లో గొట్టంలో పోసేదే చాలా కొంచెం, కాబట్టి ఆ పది చుక్కలూ లెక్కలోకొస్తాయి. పసుప్పచ్చగా చిక్కగా ఉన్నాయన్నావే, అవే ముర్రుపాలు, ఐజీఏ, లాక్టోఫెరిన్ లాంటి రక్షణ ప్రొటీన్లన్నీ వాటిలోనే ఎక్కువ. ఇలాంటి పిల్లలకి మేం అన్నిటికన్నా భయపడేది పేగు దెబ్బతినే ఎన్‌ఈసీ జబ్బుకి, పొడిపాల మీద ఉన్నవాళ్లకంటే తల్లిపాలు తాగేవాళ్లకి అది తక్కువగా వస్తుంది.

ముందుగా కన్న తల్లి పాలు కూడా వేరేగా ఉంటాయి. మామూలుగా బాగా పడ్డాక వచ్చే తల్లిపాలలో 100 మిల్లీలీటర్లకి దాదాపు 1 గ్రాము ప్రొటీన్ ఉంటే, నీకిప్పుడు మొదటి వారాల్లో వచ్చేవాటిలో అంతకంటే ఎక్కువ, సోడియం కూడా ఎక్కువే. అది పోనుపోను తగ్గిపోతుంది. ఎముకలకి కావాల్సిన కాల్షియం, ఫాస్ఫరస్ మాత్రం బిడ్డకి చివరి మూడు నెలల్లో కడుపులోనే అందాలి, మనవాడు ఆ లోపే బయటికొచ్చేశాడు. అందుకే 1,500 గ్రాముల లోపు పిల్లలకి తల్లిపాలలోనే ఫోర్టిఫయర్ అని పోషకాలు పెంచే పొడి కలుపుతారు. అది చూసి "దీని పాలు పనికిరావట" అని మీ అత్తగారు బాధపడితే, కలిపేది నీ పాలలోనే అని నెమ్మదిగా చెప్పు. ఎప్పుడు, ఎంత అన్నది డాక్టరు చూసుకుంటాడు. తేనె, ఉగ్గు, గ్రైప్ వాటర్ మాత్రం ఎవరు తెచ్చినా వద్దను, మొహమాటపడకు.

ఇక పిండడం. చేతులు సబ్బుతో కడుక్కుని, బొటనవేలూ చూపుడువేలూ నల్లటి వలయం అంచున పెట్టి, ముందు ఛాతీ వైపుకి నొక్కి తర్వాత రెండు వేళ్లూ దగ్గరికి నొక్కాలి, చర్మం మీద జారిస్తే మంటే తప్ప పాలు రావు. ముందు కాసేపు వాడి ఫొటో చూడు, నవ్వకు, నిజంగానే పాలు దిగుతాయి. రోజుకి ఎనిమిది సార్లకి తగ్గొద్దు. చివర్లో వచ్చేవాటిలోనే కొవ్వు ఎక్కువ కాబట్టి మధ్యలో ఆపెయ్యకు. ఉడకబెట్టిన గిన్నెలో పట్టి, సీసా మీద తేదీ, టైము రాసి వెంటనే ఐస్ బాక్స్‌లో పెట్టు, సత్యనారాయణపురంలో ఇంటి నుంచి సూర్యారావుపేటలో ఆసుపత్రి ఎంత దూరంలే అనుకోకు, బెజవాడ ఎండ సంగతి తెలిసిందేగా. ఫ్రిజ్‌లో కొవ్వు పైకి తేలుతుంది, పాడైపోయాయని పారబొయ్యకు, మెల్లగా తిప్పితే కలుస్తుంది.

పథ్యం పేరుతో కారప్పొడి అన్నం ఒక్కటే తినకు. పప్పు, గుడ్డు, ఆకుకూర, చేప అన్నీ తిను, నీళ్లు బాగా తాగు. డాక్టరు సరేనంటే వాణ్ని గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టుకో, పాలు కూడా బాగా పడతాయి. 34 వారాలు వచ్చేదాకా చీకడం, మింగడం, ఊపిరి మూడూ కలిపి చెయ్యడం వాడికి కష్టమే, రొమ్ము పట్టట్లేదని అప్పుడే టెన్షన్ పడకు.

పాలు పడేలా చేసే హార్మోను రాత్రిపూట ఎక్కువ. ఇవాళ్టి నుంచి రెండింటికొకటి, ఐదింటికొకటి అలారం పెట్టుకో, లేపే పని మీ ఆయనకి అప్పజెప్పు.

పెద్దమ్మ,
గుంటూరు