షార్ట్ రన్ కిట్‌తో మొదటిసారి బైప్లేన్ (ఒకదానిపై ఒకటిగా రెండు రెక్కలున్న విమానం) ప్లాస్టిక్ మోడల్ కట్టొచ్చా? ఏ జిగురు మంచిది?

కట్టొచ్చు. కాకపోతే షార్ట్ రన్ అంటే చిన్న కంపెనీలు కొద్ది సంఖ్యలో పోసేది; దాన్ని కిట్ అనుకోకండి, పెట్టెలో వచ్చేది ముడిసరుకు. పెద్ద కంపెనీ వాళ్ళ ఐ-153 (ఇదీ సోవియట్ బైప్లేనే) కిట్‌ను రెండు వారాల్లో పూర్తి చేశానన్న ధైర్యంతో నేను దిగాను. నాకు బుద్ధి రావడానికి ఏడు నెలలు పట్టింది.

నేను ఎంచుకున్నది నికితిన్-షెవ్‌చెంకో ఐఎస్-1, 1/72 స్కేలు, అంటే అసలు విమానం పొడవులో డెబ్బై రెండో వంతు. 1940 నాటి సోవియట్ ప్రయోగ విమానం. రెండు రెక్కలతో లేచి, గాల్లోకి వెళ్ళాక కింది రెక్కను మడిచేసుకుని ఒంటి రెక్క విమానమైపోతుంది. ఆ రెక్క లోపలి భాగం విమానం ఒంటి పక్కన ఉన్న గుంటలోకీ, బయటి భాగం పై రెక్క అడుగుకీ చేరతాయి. ఎంత అందమైన ఆలోచన! అప్పటికే యాక్, లాగ్, మిగ్ అనే కొత్త సోవియట్ యుద్ధవిమానాల తొలి నమూనాలు ఎగురుతున్నాయి కాబట్టి దీని బరువూ మడత యంత్రాంగమూ ఎవరికీ అక్కర్లేకపోయాయి. నాకైతే ఆ మూడింటికన్నా ఇదే గొప్ప విమానం. వాదించదలచుకున్నవాళ్ళు వాదించుకోండి.

ఇక కింది రెక్క సంగతి. ఒంటికి గుచ్చే పిన్నుల్లేవు, వాటికి రంధ్రాల్లేవు. అంచుకు అంచు ఆనించి అతికించడమే. రాత్రి పదకొండింటికి లిక్విడ్ సిమెంట్ (ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే పల్చటి జిగురు) రాసి, బాగానే నిలబడిందని పడుకున్నాను. ప్లాస్టిక్ మందం, సిమెంట్ ఎక్కువ, ఆసరా లేదు. పొద్దున చూస్తే ఎడమ రెక్క కొస నాలుగు మిల్లీమీటర్లు కిందికి వాలిపోయింది. మా ఆవిడ కాఫీ పెట్టి, "ఇదేంటి, ఒక రెక్క అలిగిందా?" అంది. "అది మడిచే రెక్కేలే" అన్నాను. మడిచేది పైకి అని తనకు తెలియదు కాబట్టి సరిపోయింది.

రంపంతో కోసి, ఉప్పుకాగితంతో అంచు సాపు చేసి, 0.6 మి.మీ. బిట్‌తో రెండేసి రంధ్రాలు పెట్టి, తలలు కత్తిరించిన గుండుసూదులు దిగేశాను. రెండు రెక్కల కొసల కింద అగ్గిపెట్టెలు పేర్చి, ఒక రోజంతా ముట్టుకోలేదు. ఇప్పుడు ఇల్లు కదిలినా అది కదలదు. మొదటి రోజే ఈ పని చేసుంటే అయిదు నెలలు మిగిలేవి.

రంగు గురించి మాత్రం నన్ను అడగకండి. నేను చూసిన ఫొటోలన్నీ నలుపు తెలుపే. అందులోంచి ఆకుపచ్చ ఏ ఛాయో తేల్చి చెప్పేవాళ్ళకి దండం పెట్టి పక్కకు తప్పుకుంటాను. పెట్టె ధరకు దగ్గర దగ్గరగా కస్టమ్స్ కట్టించుకుని, మూల నొక్కుకుపోయిన డబ్బా చేతిలో పెట్టిన కొరియర్ అబ్బాయి "బొమ్మలా సార్?" అన్నప్పుడు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

అన్నట్టు జిగురు అడిగారు కదా. ప్లాస్టిక్‌కు లిక్విడ్ సిమెంట్, పల్చగా. పెట్టెలో రెసిన్‌తో (అచ్చులో పోసే గట్టి బంకతో) చేసిన ముక్కలుంటే వాటికి సూపర్ గ్లూ. కాక్‌పిట్ అద్దానికి మాత్రం ఫెవికాల్. సూపర్ గ్లూ పెడితే పొగ పట్టినట్టు తెల్లబడుతుంది, నా పెట్టెలో రెండో అద్దం లేదు.