కాలేయంలో ప్లాస్మా కణాలున్నా హెపటైటిస్ బి ఎందుకు పోదు?

మీ అన్నగారికి చాలాకాలంగా హెపటైటిస్ బి ఉందని, బయాప్సీ (కాలేయపు చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టులో ‘పోర్టల్ ప్రాంతాల్లో (కాలేయంలో రక్తనాళాలు, పిత్తనాళాలు కలిసి ఉండే చోట్ల) లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు), ప్లాస్మా కణాలు’ అని రాశారని, యాంటీబాడీలు తయారుచేసే కణాలు కాలేయంలోనే తిష్ఠ వేసినా వైరస్ ఎందుకు పోవడం లేదని మీరు అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. అమలాపురం దగ్గర వరి, కొబ్బరి పండించే రైతును. రక్తదాన శిబిరంలో ఇచ్చిన రక్తాన్ని పరీక్షించినప్పుడు నాకు హెచ్‌బీఎస్‌ఏజీ (ఈ వైరస్ పైపొర ప్రోటీన్) పాజిటివ్ అని బయటపడింది. తరువాత కాకినాడలో చేసిన బయాప్సీ రిపోర్టులో దాదాపు ఇదే వాక్యం చూసి నేనూ కంగారుపడ్డాను.

అక్కడి పాథాలజిస్టు గారు ఓపికగా నా స్లైడునే మైక్రోస్కోపులో చూపించారు. చిన్న, గుండ్రటి లింఫోసైట్ల గుంపులో అక్కడక్కడ కోలగా ఉన్న కణాలు కనిపించాయి. వాటి కేంద్రకం ఒక పక్కకు ఒరిగి ఉంది, అందులోని ముదురు ముద్దలు ఎడ్లబండి చక్రపు ఆకుల్లా అమరి ఉన్నాయి. బి లింఫోసైట్లు పరిణతి చెంది ఇలా ప్లాస్మా కణాలవుతాయని, దీర్ఘకాలిక హెపటైటిస్‌లో అవి కొన్ని కనిపించడం మామూలేనని ఆయన చెప్పారు. అవి మరీ ఎక్కువగా ఉంటే మాత్రం ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (శరీరపు రక్షణ వ్యవస్థే కాలేయం మీద దాడి చేసే జబ్బు) కూడా ఉందేమోనని ఐజీజీ (ఒక రకం యాంటీబాడీ) వంటి రక్తపరీక్షలు చేయిస్తారట. కనుక ‘కొన్ని’ అన్నారా, ‘అధికం’ అన్నారా అన్నది రిపోర్టులో మరోసారి చూడండి.

ఇక అసలు ప్రశ్న. ఆ కణాలు చేసే యాంటీబాడీలన్నీ ఈ వైరస్ మీదికే వెళతాయనుకోకూడదు. వెళ్లేవాటిలోనూ కోర్ ప్రోటీన్‌కు వ్యతిరేకంగా పుట్టేవి పుష్కలంగా ఉంటాయి గానీ, కోర్ అనేది పైపొర లోపల దాగి ఉంటుంది కాబట్టి అవి వైరస్‌ను కణంలోకి చొరబడకుండా ఆపలేవు. ఆపగలిగినవి పైపొర మీది ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీలు. అయితే వైరస్ సోకిన కాలేయ కణం అసలు వైరస్‌తో పాటు, లోపల జన్యుపదార్థం లేని వట్టి పైపొర రేణువులను వెయ్యి రెట్లు మొదలుకొని లక్ష రెట్ల దాకా రక్తంలోకి వదులుతుంది. యాంటీబాడీలు వాటికే అతుక్కుని ఖర్చయిపోతాయి. మా భాషలో చెప్పాలంటే అవి తాలు గింజలు. కళ్లంలో గింజకు లక్ష తాలు ఉంటే ఎంత తూర్పారబట్టినా ఏం దొరుకుతుంది? పైగా పైపొరను గుర్తించే బి కణాలు దీర్ఘకాలిక రోగుల్లో ఉన్నా, పీడీ-1 అనే కళ్లెం బిగిసి మొద్దుబారి యాంటీబాడీలను సరిగా చేయలేవని 2018లో వెలువడిన పరిశోధనలు చూపాయి.

వీటన్నిటికీ మించిన అడ్డంకి ఇంకొకటి ఉంది. వైరస్ డీఎన్‌ఏ వలయాకారంలో కాలేయ కణపు కేంద్రకంలోనే నిలిచిపోతుంది; యాంటీబాడీ అక్కడికి చేరలేదు. నేను రోజూ వేసుకునే టెనోఫోవిర్ మాత్ర కూడా కొత్త వైరస్ తయారీని అణచిపెడుతుందే తప్ప ఆ వలయాన్ని పెకలించదు, అందుకే వైరల్ లోడ్ కనిపించనంత తగ్గినా నా హెచ్‌బీఎస్‌ఏజీ ఇప్పటికీ పాజిటివే.

అలాగని బి కణాలు వ్యర్థమని కాదు. ఎప్పుడో కోలుకున్నవారిలో సైతం రిటుక్సిమాబ్ వంటి మందులతో వాటిని తుడిచిపెడితే వైరస్ మళ్లీ నిద్ర లేవవచ్చు. మీ అన్నగారికి కీళ్లవాతానికో మరో జబ్బుకో అలాంటి మందు ఇవ్వబోతే, హెపటైటిస్ సంగతి ఆ వైద్యుడికి ముందే చెప్పాలి.

విచిత్రమేమంటే, టీకాలో ఉండేది కూడా ఆ తాలే. మొదటి టీకాను వాహకుల (వైరస్‌ను ఒంట్లో మోస్తున్నవారి) రక్తం నుంచి వేరుచేసిన వట్టి రేణువులతో తయారుచేశారు, ఇప్పుడు ఈస్ట్ కణాల్లో తయారుచేస్తున్నారు. వైరస్ రాకముందే అందితే అదే తాలు రక్షణ యాంటీబాడీలను పుట్టిస్తుంది. మా ఆవిడకు మూడు డోసులూ పూర్తయ్యాక యాంటీబాడీ పరీక్ష చేయిస్తే, రక్షణకు సరిపడే లీటరుకు 10 యూనిట్ల హద్దును దాటి చాలా పైన వచ్చింది. మీ వదినగారికి, పిల్లలకు హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీబాడీ పరీక్షలు ఇంకా చేయించకపోతే ముందు అవి చేయించండి.