మొదటిసారి జపాను వెళ్తున్న అల్లుడికి

చిత్తూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

శ్రీసిటీలోని మీ కంపెనీ నిన్ను జపానుకూ, తిరుగు దారిలో బ్యాంకాకుకూ పంపుతోందని అక్క చెప్పినప్పటి నుంచీ, మామిడి గుజ్జు ఎగుమతుల పనిమీద ఏళ్ల తరబడి ఆ దేశాలు తిరిగినవాడిగా నీకు కొన్ని విషయాలు రాయాలని అనుకుంటున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పవలసినది వాళ్ల 'హై' అనే మాట గురించి. దానికి 'అవును' అనే అర్థం ఉన్నా, సమావేశంలో మన ప్రతి వాక్యానికీ ఎదుటివారు తల వంచి 'హై' అంటున్నారంటే, చాలాసార్లు మనం చెప్పేది వింటున్నామని మాత్రమే అర్థం, ఒప్పుకున్నామని కాదు. ఈ తేడా తెలియని నేను మొదటి ప్రయాణంలో తోతాపురి గుజ్జు ధర గురించి గంటసేపు మాట్లాడి, బేరం కుదిరిందని ఆ రాత్రే చిత్తూరుకు కబురు పంపాను. నా మాట నమ్మి మా యజమాని డ్రమ్ములు పక్కన పెట్టించి, మరొక కొనుగోలుదారును వెనక్కి పంపేశారు. నెల తర్వాత జపాను నుంచి ఎంతో మర్యాదగా, వద్దని ఉత్తరం వచ్చింది. సమావేశం చివర వాళ్ల పెద్దాయన 'పరిశీలిస్తాం' అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సంబంధం అడగబోతే 'చూద్దాంలే' అన్నవాళ్ల మనసు మనకు ఎలా తెలిసిపోతుందో, వాళ్ల 'పరిశీలిస్తాం', 'కొంచెం కష్టం' అనే మాటలనూ అలాగే తెలుసుకోవాలి. అందుకని సమావేశం జరిగిన రోజే ఏది తేలింది, ఏది తేలలేదు, ఎవరు ఎప్పటిలోగా బదులివ్వాలి అన్నవి రాసి వాళ్లకు పంపు. వాళ్లు సరిచూసి పంపిన కాగితాన్నే నమ్ముకో.

'నెమవాషి' అని వాళ్లకొక మాట ఉంది. చెట్టును మరోచోట నాటే ముందు వేళ్ల చుట్టూ మట్టి తవ్వి సిద్ధం చేయడం దాని అసలు అర్థం. మామిడి తోటల మధ్య పెరిగినవాడివి, నీకు వేరే వివరించనక్కరలేదు. సంబంధించిన వాళ్లందరితో ముందే విడివిడిగా మాట్లాడి ఒప్పించుకున్నాకే సమావేశంలో కూర్చుంటారు కాబట్టి, నీ ప్రతిపాదన ఏదైనా ఉంటే బయలుదేరక ముందే పంపించు.

విజిటింగ్ కార్డును రెండు చేతులతో ఇచ్చి, రెండు చేతులతో తీసుకుని, చదివి, ఎదుట బల్లమీద పెట్టుకో.

తిండి విషయంలో నువ్వు ఇబ్బంది పడతావనే నా బెంగ. కూరగాయలే కనిపించే పులుసులోనూ, నూడుల్స్ రసంలోనూ ఎండుచేప నుంచి తీసిన 'దాషి' తరచుగా ఉంటుంది కాబట్టి, మాంసం తిననని చెబితే సరిపోదు, చేప రసం కూడా వద్దని జపాను భాషలో రాయించుకుని జేబులో పెట్టుకో. బ్యాంకాకులో 'జే' అని అడిగితే చేప సాసు కూడా లేని భోజనం దొరుకుతుంది. ఆ దుకాణాలకు పసుపు జెండా గుర్తు. కందిపొడి, చెనక్కాయల పొడి తప్పకుండా తీసుకెళ్లు.

జలుబు మాత్రలు మాత్రం చూసి సర్దుకో. సూడోఎఫెడ్రిన్ పది శాతానికి మించి ఉన్న మందులను జపానులోకి తీసుకుపోవడం నేరం; మనకు మామూలు మాత్ర అనిపించేదే అక్కడ విమానాశ్రయంలో పెద్ద చిక్కు తెస్తుంది. అక్కడి కరెంటు 100 వోల్టులే, ప్లగ్గులకు రెండు చదునైన కాళ్లుంటాయి, దానికి తగిన అడాప్టరు చెన్నైలోనే కొనుక్కో.

జపాను గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. రాత్రి ప్రయాణం చేసి దిగిన రోజున సమావేశం ఒప్పుకోవద్దు, నిద్రలేని బుర్రతో అంకెలు మాట్లాడకూడదు. అక్క రోజూ రాత్రి 9 గంటలకు నీకు ఫోను చేస్తుంది కదా, అప్పటికి అక్కడ 12.30 అవుతుంది, సాయంత్రం 6 గంటలకే చేయమని నేను ఆమెకు చెబుతాను. బయలుదేరే లోపు ఒక ఆదివారం చిత్తూరు రా, వద్దంటూ జపాను నుంచి వచ్చిన ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, చదివి చూద్దువుగాని.

ఆశీస్సులతో,
మీ మామయ్య