నరాల వేగం చెప్పే సంగతి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మూడు నెలలుగా కాళ్లూ చేతుల్లో బలం తగ్గుతోంది. మెట్లెక్కడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోంది. సీఐడీపీ అనే నరాల జబ్బు కావచ్చంటూ డాక్టరు నర్వ్ కండక్షన్, ఈఎంజీ పరీక్షలు రాశారు. వీటితో జబ్బు తేలుతుందా?

జవాబు: చాలావరకు తేలుతుంది, కానీ పరీక్ష జాగ్రత్తగా చేయడం ముఖ్యం. సీఐడీపీలో రోగనిరోధక వ్యవస్థ నరాలపై ఉండే మైలిన్ పొరను దెబ్బతీస్తుంది, బలహీనత 8 వారాలకు మించి పెరుగుతూ వస్తుంది. పొర చెడిన చోట విద్యుత్ సంకేతం నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది. అందుకే నర్వ్ కండక్షన్ పరీక్షలో మణికట్టు దగ్గర ఒకసారి, మోచేతి దగ్గర ఒకసారి చర్మంపై చిన్న షాక్ ఇచ్చి, బొటనవేలి మొదట్లోని కండరం ఎంతసేపటికి, ఎంత బలంగా స్పందించిందో కొలుస్తారు. ఆరోగ్యవంతుల చేతి నరాల్లో సంకేతం సాగే వేగం సాధారణంగా సెకనుకు 50 మీటర్ల దరిదాపుల్లోనో, అంతకుమించో ఉంటుంది. కండరం స్పందన తెరపై అలలా కనిపిస్తుంది. మణికట్టు వద్ద షాక్‌కు పెద్దగా లేచిన అల, మోచేతి వద్ద షాక్ ఇచ్చినప్పుడు సగానికి కుంగితే, ఆ నడుమ సంకేతం ఆగుతోందని బలంగా అనుమానించాలి. ఈఎంజీలో కండరంలోకి సన్నని సూది పంపి, పొర లోపలి నరపు తీగ కూడా దెబ్బతిన్నదా అని చూస్తారు.

చెయ్యి చల్లగా ఉంటే మంచి నరం కూడా నెమ్మదిగా కనిపిస్తుంది. కనుక ముందుగా వెచ్చబరచమని నిస్సంకోచంగా అడగండి. మధుమేహం వల్లా ఫలితాలు తికమక పెట్టవచ్చు. అనుమానం మిగిలితే వెన్ను నీటిలో ప్రొటీన్ కొలుస్తారు. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే సూది పరీక్షకు ముందే చెప్పండి. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్, ప్లాస్మా మార్పిడి వంటి చికిత్సలున్న జబ్బు ఇది. దయచేసి పరీక్షను వాయిదా వేయకండి.