ఇన్‌స్టాల్ అయిపోయాక ఆ సెటప్ ఫైల్ ఉంచాలా?

ప్రశ్న: నా కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నిండా సాఫ్ట్‌వేర్ల సెటప్ ఫైళ్లే. తీసేస్తే ఆ ప్రోగ్రాములు ఆగిపోతాయేమోనని టెన్షన్. ఏం చేయాలి?

జవాబు: ఆగిపోవు, భయం లేకుండా తీసేయండి. విండోస్‌లో సెటప్ ఫైల్ నడిపినప్పుడు అందులో ఉన్నదంతా విప్పుకుని చాలావరకు ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోకి వెళ్లిపోతుంది, ఆ తర్వాత రోజూ నడిచేది అక్కడిదే, డౌన్‌లోడ్స్‌లో మిగిలింది ఖాళీ అట్టపెట్టె లాంటిది. ఒక్క మెలిక ఉంది. పోర్టబుల్ అని రాసి ఉండే ప్రోగ్రాములకు ఇన్‌స్టాల్ చేయడమనేదే ఉండదు, ఆ ఫైలే ప్రోగ్రామ్, దాన్ని తీసేస్తే పోయినట్టే.

మళ్లీ అవసరమైతేనో అని దాచుకునేవాళ్లు చాలామంది (నేనూ ఒకప్పుడు అదే బాపతు), కానీ ఆర్నెల్ల నాటి బ్రౌజర్ సెటప్ దాచి ఏం లాభం, భద్రతా లోపాలు సరిచేసిన కొత్తది కంపెనీ సైట్‌లో ఎప్పుడూ ఉంటుంది కదా. దాచాల్సినవి వేరే: డబ్బు పెట్టి కొన్న పాత వెర్షన్లు, ఇప్పుడు సైట్‌లో దొరకనివి, ముఖ్యంగా వైఫై లేదా నెట్‌వర్క్ డ్రైవర్ (ఆ పరికరాన్ని విండోస్‌లో పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్). విండోస్ మళ్లీ వేసుకున్నాక నెట్ రాకపోతే ఆ డ్రైవర్ డౌన్‌లోడ్ చేసుకోవడానికే నెట్ కావాలి మరి! వీటిని లైసెన్స్ కీతో సహా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

అన్నట్టు, విండోస్ ఫోల్డర్ లోపల ఇన్‌స్టాలర్ అనే, మామూలుగా కనిపించకుండా దాగి ఉండే ఫోల్డర్ ఒకటి ఉంటుంది, జాగా కోసం దాని జోలికి మాత్రం వెళ్లకండి, అప్‌డేట్లకూ అన్‌ఇన్‌స్టాల్‌కూ అది కావాలి.