సికిల్ సెల్: జీన్ థెరపీ వచ్చేదాకా గోలీ ఆపొచ్చా?

ప్రశ్న: మాది ఉట్నూరు. మా పాపకు 9 ఏళ్లు, బరువు 25 కిలోలు. సికిల్ సెల్ ఉంది. హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలు చూసే రక్తపరీక్ష) రిపోర్టులో ఎస్ 81 శాతం, ఎఫ్ 14 శాతం అని వచ్చింది. ఏడాదిలో 4 సార్లు ఒళ్లు నొప్పులతో ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరు గారు హైడ్రాక్సీయూరియా 500 రోజుకొకటి రాశారు. అది క్యాన్సర్ మందని ఎవరో చెబితే భయపడి 2 నెలలకే ఆపేశాం. జన్యువునే సరిచేసే చికిత్స వచ్చిందంట కదా, దానికోసం ఆగొచ్చా? పాప తర్వాత 4 ఏళ్ల బాబు ఉన్నాడు. వాడికి ఏ పరీక్షా చేయించలేదు.

జవాబు: ఆగకండి. పాపకు ఈ వారంలోనే రక్తపరీక్ష చేయించి, మీ డాక్టరు గారికి చూపించి గోలీ మళ్లీ మొదలుపెట్టండి. మీరు ఎదురుచూస్తున్న చికిత్స, మీరు ఆపేసిన గోలీ దారులు వేరైనా ఫలితం ఒకటే. రెండూ పాప రక్తంలో 'ఎఫ్' పెంచడానికే.

ఎఫ్ అంటే తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డకుండే హిమోగ్లోబిన్. పుట్టాక కొద్ది నెలల్లో దాన్ని తయారుచేసే గామా గ్లోబిన్ జన్యువులు మూతపడి, 11వ క్రోమోజోమ్ మీద వాటి పక్కనే ఉన్న బీటా గ్లోబిన్ జన్యువు ఆ పని అందుకుంటుంది. సికిల్ సెల్‌లో తప్పంతా ఈ బీటా జన్యువులోనే ఉంది. అదీ డీఎన్ఏలో ఒకే ఒక్క అక్షరం: 'ఏ' ఉండాల్సిన చోట 'టీ'. దాంతో ప్రొటీన్‌లో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరుతుంది. ఇలా తయారైన ఎస్ హిమోగ్లోబిన్ ఆక్సిజన్ వదలగానే ఒకదానికొకటి అతుక్కుని పోగులుగా పేరుకుంటుంది. కణం కొడవలిలా వంగి సన్నటి రక్తనాళంలో ఇరుక్కుంటుంది, నొప్పి అక్కడ మొదలవుతుంది. మధ్యలో ఎఫ్ ఉంటే ఆ పోగు సాగదు. సికిల్ సెల్ పిల్లలు మొదటి ఆరు నెలలు ఏ బాధా లేకుండా ఉండేది అందుకే.

గామా జన్యువులకు తాళం వేసి ఉంచేది బీసీఎల్11ఏ అనే ప్రొటీన్ అని 2008లో తేలింది. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన కాస్‌జెవీ చికిత్సలో రోగి రక్తాన్ని తయారుచేసే మూలకణాలను బయటికి తీస్తారు. ఎర్రకణాల్లో బీసీఎల్11ఏ తయారీని పెంచే డీఎన్ఏ ముక్క దగ్గర డీఎన్ఏ కత్తెర లాంటి క్రిస్పర్‌తో కోత పెట్టి, వాటిని తిరిగి ఎక్కిస్తారు. బీటా జన్యువులో తప్పు అలాగే ఉంటుంది, ఎఫ్ మాత్రం పెరుగుతుంది. ప్రయోగంలో 31 మందిలో 29 మందికి కనీసం ఏడాదిపాటు తీవ్రమైన నొప్పులు రాలేదు. చాలా గొప్ప ఫలితం అది. కాకపోతే కణాలు ఎక్కించే ముందు బుసల్ఫాన్ అనే కీమో మందుతో ఎముక మూలుగను ఖాళీ చేయాలి. దానివల్ల ముందుముందు పిల్లలు పుట్టకపోయే ప్రమాదం ఉంది. 2023లో అనుమతి వచ్చింది 12 ఏళ్లు నిండినవాళ్లకు. ధర 22 లక్షల డాలర్లు, అంటే 18 కోట్ల రూపాయలకు పైమాటే. మన దేశంలో ఐజీఐబీ అనే ప్రభుత్వ జన్యు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు బిర్సా 101 పేరుతో సొంత చికిత్స తయారుచేశారు. ఇలాంటివి మీ పాపదాకా వచ్చేసరికి ఆమె మెదడు, ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతినకుండా ఉండాలి కదా. నా పట్టుదల అందుకే.

ఇక క్యాన్సర్ భయం. కణం రెండుగా చీలే ముందు డీఎన్ఏకు నకలు తీసుకోవాలి. ఆ నకలుకు కావాల్సిన ముడిసరుకును రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ అందిస్తుంది. హైడ్రాక్సీయూరియా దాన్ని నెమ్మదింపజేస్తుంది. కొన్ని రక్త క్యాన్సర్లలో వాడేది ఈ గుణం కోసమే. సికిల్ సెల్‌లో ఆ ఒత్తిడికి మూలుగ తన తీరు మార్చుకుని ఎఫ్ ఉన్న ఎర్రకణాలను ఎక్కువగా వదులుతుంది. ఏళ్ల తరబడి వాడిన సికిల్ సెల్ రోగుల్లో దీనివల్ల క్యాన్సర్ పెరిగినట్టు కనిపించలేదు.

మోతాదు కిలోకు 20 మిల్లీగ్రాములు. 25 కిలోలకు 500 సరిగ్గా సరిపోతుంది. పాప 30 కిలోలకు వచ్చాక అదే గోలీ కిలోకు 17 కూడా కాదు, అప్పుడు నొప్పులు తిరగబెట్టొచ్చు. కాబట్టి ప్రతిసారీ బరువు తూయించండి. మొదట్లో నెలకోసారి, మోతాదు కుదిరాక 2-3 నెలలకోసారి రక్తకణాల లెక్క చూసే సీబీపీ పరీక్ష చేయించాలి. న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) 2,000 కన్నా, ప్లేట్‌లెట్లు 80,000 కన్నా తగ్గితే వెంటనే డాక్టరుకు చూపించండి. మందు కొన్నాళ్లు ఆపి, అవి కోలుకున్నాక కొంచెం తక్కువ మోతాదులో మళ్లీ ఇస్తారు. రిపోర్టులో ఎంసీవీ (ఎర్రకణాల సైజు) పెరుగుతుంటే మందు పనిచేస్తున్నట్టే. గుణం తెలియడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది, మీరు రెండు నెలలకే ఆపేశారు. వికారంగా ఉంటే రాత్రి పడుకునే ముందు వేయండి. గోళ్లు నల్లబడితే కంగారు పడొద్దు. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు వేయకూడదు. క్యాప్సూల్ విప్పి పొడి ముట్టుకోవద్దు, ముఖ్యంగా ఇంట్లో గర్భిణులుంటే. రక్తం తక్కువగా ఉందని ఐరన్ టానిక్ సొంతంగా పట్టకండి. ఇక్కడ రక్తం తగ్గేది కణాలు త్వరగా చితికిపోవడం వల్ల. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చూశాకే ఐరన్ సంగతి.

మీ ప్రాంతపు చలి పాపకు పెద్ద శత్రువు. కేస్లాపూర్ నాగోబా జాతరకు తీసుకెళ్లినా తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం వద్దు. నీళ్లు మాత్రం బాగా తాగించండి. జ్వరం 101 దాటితే మలేరియా గోలీలతో ఇంట్లో కూర్చోకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆయాసం, ఛాతీ నొప్పి, ఎడమ పక్క కడుపు ఉబ్బి పాప పాలిపోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే రాత్రయినా కదలండి. మెదడుకు రక్తం పారే వేగం చూసే టీసీడీ స్కాన్ 16 ఏళ్ల వరకు ఏడాదికోసారి ఉండాలి. ఇప్పటిదాకా చేయించకపోతే ఆదిలాబాద్ రిమ్స్ ఆసుపత్రిలో రాయించుకుని, ఆ సౌకర్యం ఉన్న పెద్దాసుపత్రిలో తీయించండి.

బాబుకు హెచ్‌పీఎల్‌సీ వెంటనే చేయించండి. మీరిద్దరూ క్యారియర్లే (జబ్బు లేకుండా తప్పు జన్యువు ఒక్కటి మోసేవాళ్లు) అయితే వాడికి జబ్బు ఉండే అవకాశం నాలుగింట ఒకటి. జబ్బు లేదని తేలితే, అక్కాతమ్ముళ్లిద్దరికీ మూలుగ కలుస్తుందో లేదో చూసే హెచ్ఎల్ఏ పరీక్ష కూడా అడగండి. అది పూర్తిగా కలిసే అవకాశమూ నాలుగింట ఒకటి. కలిస్తే తమ్ముడి మూలుగ పాపకు ఎక్కించవచ్చు, వాడు క్యారియర్ అయినా అడ్డు కాదు. జబ్బును పూర్తిగా నయం చేసే ఈ మార్గం మన దేశంలో ఇప్పుడే ఉంది.