చెక్క అక్షరాల కలకు ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. జీతం నెలకు 70 వేలు. ఇంటి ఖర్చులు 40 వేలు, హోమ్ లోన్ ఈఎంఐ 18 వేలు. ఎఫ్‌డీలో 6 లక్షలున్నాయి. పిల్లలకు తెలుగు అక్షరాల చెక్క బొమ్మలు చేసి అమ్మాలని ఏళ్లుగా ఊహించుకుంటున్నాను. షాపు బోర్డు రంగు కూడా మనసులో ఉంది. ఎఫ్‌డీ తీసేసి, 5 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని షాపు పెట్టనా? – ఒక పాఠకురాలు

జవాబు: షాపు ఇప్పుడే వద్దమ్మా. బొమ్మల పని మాత్రం వెంటనే మొదలుపెట్టండి. బోర్డు రంగు దాకా ఊహించిన మీరు ఒక సెట్టు తయారీకి ఎంతవుతుందో రాయలేదు. ముందు తేలాల్సింది అదే.

ఈఎంఐతో కలిపి మీ నెల ఖర్చు 58 వేలు. ఆరు నెలలకు దాదాపు 3.5 లక్షలు. ఆ డబ్బు ఎఫ్‌డీలోంచి కదలకూడదు. మిగిలిన 2.5 లక్షల్లో 60 వేలు మాత్రమే ఈ ప్రయోగానికి పెట్టండి. పర్సనల్ లోన్ అసలొద్దు. బొమ్మలు అమ్ముడైనా కాకపోయినా వాయిదా వచ్చే నెల నుంచే మొదలవుతుంది. మీ చేతిలో మిగిలేదే 12 వేలు.

రాయదుర్గంలోని టీ-వర్క్స్ అనే కేంద్రంలో నమూనాలు చేసుకునే యంత్రాలున్నాయి. ఛార్జీలు కనుక్కుని ముందు ఒక్క సెట్టు చేయించండి. మీ ఇంటి చుట్టుపక్కల పిల్లల చేతికిచ్చి చూడండి. ఏ ముక్క విరుగుతోంది, ఏ అక్షరం గుర్తుపట్టలేకపోతున్నారు అన్నది అప్పుడే తెలుస్తుంది.

ఒక ముఖ్యమైన సంగతి. 14 ఏళ్లలోపు పిల్లల ఆట బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులకు, జీఐ (ఒక ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అనే) గుర్తింపున్న బొమ్మలకు మినహాయింపుంది కానీ మీరు వాటి కిందకు రాకపోవచ్చు. లైసెన్సు ఖర్చు ఐఎస్ఐ మార్కు ఇచ్చే బీఐఎస్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. అది తేలేదాకా బొమ్మలు అమ్మకండి. ఈలోగా అదే చెక్కతో, అదే డిజైన్‌తో పెద్దవాళ్లకు తెలుగు నేమ్ ప్లేట్లు చేసి అమ్మండి. నాకైతే అక్కడే మీకు మొదటి ఆదాయం కనిపిస్తోంది. ఆర్డర్లు నిలదొక్కుకున్నాక చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా పథకంలోని శిశు రుణం 50 వేల దాకా తాకట్టు లేకుండా అడగవచ్చు. ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి పక్క వ్యాపారానికి మీ కంపెనీ ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోండి.

చెక్క, కోత, రంగు, ప్యాకింగ్‌తో పాటు మీ గంటల కూలి కూడా వేసి ఒక సెట్టు లెక్క రాసి పంపండి. ధర ఎంత పెట్టాలో కలిసి చూద్దాం.